నాకు శారాయే నచ్చింది

వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఉండే మా బావగారింట్లో రెండో పిల్లవాడి బారసాల. మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి పొద్దున్నే బయల్దేరి వెళ్ళాం. ఉయ్యాలకు కట్టాల్సిన పూలదండలు ముందురోజు నేనే గుచ్చాను. అవి వాడిపోకుండా ఐస్‌బాక్స్‌లో సర్ది, కారు వెనకసీట్లో పెట్టుకుని, దారంతా దాని మీద ఓ చెయ్యి వేసి కూర్చున్నాను.

అప్పటికి నా పెళ్ళయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఇంజెక్షన్లు, స్కాన్లు, ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ చేసి సారీ చెప్పే నర్సు గొంతు, వీటితోనే గడిచిపోయేవి నెలలు. ఇవేవీ మా తోడికోడలికి తెలియనివి కావు. నేనే చెప్పుకున్నాను. నాకు తోబుట్టువులు లేరు. ఆమెను ‘అక్కా’ అని పిలవడం నాకు ఇష్టంగా ఉండేది. ఆ పిలుపు కోసమే నెలకోసారి హెర్న్‌డన్ వెళ్ళొచ్చిన రోజులున్నాయి.

ఉయ్యాల చుట్టూ ఆడవాళ్ళు చేరారు. ఒక్కొక్కరే పిల్లవాణ్ణి ఎత్తుకుని, ముద్దు చేసి, పక్కవాళ్ళకు అందిస్తున్నారు. మళ్ళీ అక్క చేతికి వచ్చాడు. తర్వాత నిలబడింది నేను. చేతులు చాచాను. అక్క పిల్లవాణ్ణి గుండెకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

“నువ్వు వద్దు, ప్లీజ్. లెట్స్ నాట్ టేక్ ఎ ఛాన్స్,” అంది.

మెల్లగా అనలేదు. పాట అప్పుడే ఆగింది కాబట్టి గదిలో అందరికీ వినపడింది. అని, నా పక్కనున్నావిడకు నవ్వుతూ పిల్లవాణ్ణి అందించింది. నా చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. వాటిని ఎలా దించాలో తెలియలేదు. అప్పట్లో ఇండియా నుంచి వచ్చి ఆ ఇంట్లోనే ఉంటున్న మా అత్తగారు ఉయ్యాల పూలు సర్దుతూ, తలెత్తకుండానే, “పోనీలేమ్మా, నువ్వెళ్ళి పులిహోర సంగతి చూడు,” అన్నారు.

వెళ్ళి చూశాను. పేపర్ ప్లేట్లలో పులిహోర పెట్టి అందరికీ నేనే ఇచ్చాను. కొందరు ప్లేటు అందుకుంటూ నా కళ్ళలోకి చూడలేదు. ఒకావిడ మాత్రం జాలిగా భుజం తట్టింది. ఆమె చెయ్యి విరిచెయ్యాలనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆయన అన్నాడు: “వదినకి నిద్రల్లేవు. అలా అనాలని అనలేదు.”

“మరి ఎలా అనాలని అంది?”

మా ఆయన లేన్ మారాడు.

మర్నాడు ఆదివారం. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ లాండ్రీ రూమ్‌లో, ముందురోజు కట్టుకున్న పట్టుచీరను వాషింగ్ మెషీన్‌లో కుక్కి వేడినీళ్ళ బటన్ నొక్కబోతుంటే, ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“ఇది సిల్క్. పాడైపోతుంది.”

“పాడైపోవాలనే వేస్తున్నాను.”

మా ఎదురు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ముసలావిడ. ఎప్పుడైనా హలో అనుకోవడమే తప్ప అంతకుముందు మాట్లాడుకున్నది లేదు. ఎందుకని అడగలేదు. నా ముఖంలోకి చూసి, “ఎవరు?” అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నకే బట్టల బుట్ట మీద కూలబడి మొత్తం చెప్పేశాను. మా మాటలు ఇంగ్లీషులోనే సాగేవి; ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అంతా విని ఆవిడ నన్ను ఓదార్చలేదు. హెర్న్‌డన్ ఆడవాళ్ళ గురించి నేను రాయలేని మాట ఒకటి అంది. తర్వాత, “మాకు నలుగురు మూలపుటమ్మలు. అందులో ముగ్గురు ఏళ్ళ తరబడి పిల్లలు లేనివాళ్ళే. శనివారం మధ్యాహ్నం మా ఇంటికి రా, చెప్తాను,” అంది.

ఆవిడ యూదురాలు. యూదుల పిల్లలకు హీబ్రూ నేర్పే బడిలో టీచరుగా చేసి రిటైరైంది. మామూలు రోజుల్లో రేడియోలో బేస్‌బాల్ వింటూ అంపైర్లను గోడలదిరేలా తిట్టేది. శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం. ఆ మధ్యాహ్నాల్లో నలుగురైదుగురు ముసలమ్మలు ఆవిడ ఇంట్లో చేరి, ఆ వారం వంతుగా వచ్చే గ్రంథభాగం చదువుకుని, దాని మీద హోరాహోరీగా వాదించుకునేవారు. కళ్ళు సరిగా కనబడక ఇంగ్లీషు అనువాదం నన్ను చదవమనేవారు. నేను గుంటూరులో మిషన్ స్కూల్లో చదివినదాన్ని. ఆ పేర్లు నాకు తెలుగులో తెలుసు: అబ్రాహాము, శారా, రిబ్కా, లేయా, రాహేలు. ఆవిడ ‘సారా’ అని పలికినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. మా ఊళ్ళో సారా అంటే తాగేది అని చెబితే దగ్గు వచ్చేదాకా నవ్వింది.

అబ్రాహాము భార్య శారాకు పిల్లల్లేరు. తన దాసి హాగరును తనే భర్తకిచ్చింది. హాగరు నెల తప్పగానే శారాను చులకనగా చూడడం మొదలుపెట్టింది. అక్కడ నేను చదవడం ఆపేశాను. ఆ చూపు నాకు తెలుసు. తర్వాత శారా హాగరును పారిపోయేదాకా కష్టపెట్టింది. తనకు కొడుకు పుట్టాక ఆమెను, ఆమె బిడ్డను ఇంట్లోంచే వెళ్ళగొట్టించింది.

“నాకు శారా నచ్చింది,” అన్నాను.

ముసలమ్మలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మా ఎదురింటావిడ, “మా పాత పండితుల్లోనే ఒకాయన శారా అక్కడ పాపం చేసిందని రాశాడు. ఆపని అబ్రాహాముదీ పాపమే అన్నాడు. మా పెద్దలు పెద్దలని మేం వాళ్ళ తప్పులు దాచం. వాళ్ళను చూసి నేర్చుకోవాలంటే తప్పులు కూడా కనబడాలి కదా,” అంది.

“తప్పో ఒప్పో, ఆమె కడుపు చల్లబడింది,” అన్నాను.

ఇంకో వారం, ఆ అమ్మలకు పిల్లలు ఎందుకంత ఆలస్యమయ్యారన్న చర్చ వచ్చింది. మంచివాళ్ళ ప్రార్థనలు వినడం దేవుడికి ఇష్టమట, అందుకే వాళ్ళను అన్నాళ్ళు అడిగించుకున్నాడట. వింటూనే నాకు ఒళ్ళు మండింది. ఇంజెక్షన్ల సూదులు వేసే డబ్బా మా బాత్రూమ్‌లో నిండిపోయి ఉంది ఆ వారం. “అయితే ఆయనకీ నాకూ పడదు,” అని లేచి వచ్చేశాను. పై శనివారం మళ్ళీ వెళ్ళాను. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నా కుర్చీ నాకు వేసే ఉంది.

ఆవిడేమీ శాంతమూర్తి కాదు. తల్లి చనిపోయిన వారంలోనే వెండి దీపపు సెమ్మెలు తీసుకుపోయిందని ఫ్లోరిడాలో ఉన్న చెల్లెలితో మాటలు మానేసిన మనిషి. నా పగ గురించి వినడం ఆవిడకు ఇష్టం. “ఇవాళ ఏమనిపిస్తోంది?” అని ఆరోగ్యం అడిగినట్టు అడిగేది. నేనూ దాచకుండా చెప్పేదాన్ని. అక్క వాట్సాప్‌లో పిల్లవాడి ఫొటోలు పెడితే ఒక్కదానికీ లైక్ కొట్టేదాన్ని కాదు. వాళ్ళింటికి వెళ్ళడం మానేశాను. ఫోన్ వస్తే పనుందనేదాన్ని. ఆమె ఎందుకని అడగలేదు. అంటే ఆమెకు తెలుసు. తెలిసీ అడగకపోవడం నా కోపానికి మేత అయింది.

తర్వాత రెండు సంగతులు దగ్గర దగ్గరగా జరిగాయి. చివరిసారి అనుకుని చేయించుకున్న ట్రీట్‌మెంట్ నిలిచింది, నాకు నెల తప్పింది. అదే రోజుల్లో మా బావగారు అక్కను వదిలేసి వేరే ఆవిడతో ఉండడానికి వెళ్ళిపోయారు. విడాకులయ్యాయి. పిల్లలిద్దరూ అక్క దగ్గరే ఉన్నారు. ఆ వార్త మా ఆయన ఏడుపు ముఖంతో చెప్పాడు. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని అద్దంలో నవ్వాను. కడుపు మీద చెయ్యి వేసుకుని మరీ నవ్వాను.

అమ్మాయి పుట్టింది. కాంప్లెక్స్ క్లబ్‌హౌస్‌లో బారసాల చెయ్యాలనుకున్నాం. మొదట పిలిచింది అక్కనే. ఆ తర్వాత, హెర్న్‌డన్‌లో ఆ రోజు ఉయ్యాల చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళను గుర్తున్నంతమందిని పిలిచాను. అంత దూరం ఎవరొస్తారని మా ఆయన ఆశ్చర్యపోయాడు. “రావాలి. నువ్వు కాల్ చెయ్యి,” అన్నాను.

నా ఏర్పాటు సింపుల్. ఉయ్యాల దగ్గర అక్క చేతులు చాచగానే, పాప మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆమె మాటలే ఆమెకు చెప్పాలి. నువ్వు వద్దు, ప్లీజ్. లెట్స్ నాట్ టేక్ ఎ ఛాన్స్. మొగుడు వదిలేసిన ఆడదాన్ని శుభకార్యంలో ముందుకు రానివ్వని మనవాళ్ళ మధ్య ఆ మాట ఎంత లోతుకు దిగుతుందో నాకు తెలుసు. పాపకు పాలిస్తూ ఆ వాక్యాన్ని లోలోపల అనుకునేదాన్ని. గొంతు వణక్కూడదు. నవ్వుతూ అనాలి.

ఎదురింటావిడకు చెప్పాను. ఈసారి ఆవిడకు ముచ్చట వెయ్యలేదు. తామారు కథ చెప్పింది. తామారు యూదా అనే పెద్దమనిషి కోడలు, మొగుడు పోయినది. ఆమె కడుపుతో ఉందని తెలిసి, వ్యభిచారం చేసిందని, కాల్చేయమని మామగారే తీర్పు చెప్పాడు. ఆ బిడ్డకు తండ్రి ఆయనే. దారిపక్కన ముసుగేసుకుని కూర్చున్న ఆమెను వేశ్య అనుకుని చేరాడు, కోడలని ఆయనకు తెలియదు. ఆయన ఆనవాలుగా ఇచ్చిన ముద్రా, చేతికర్రా ఆమె దగ్గరున్నాయి. అందరి ముందూ విసిరేసి ఇతనే అనొచ్చు. అనలేదు. అవి ఆయనకు పంపి, ఇవి ఎవరివో ఆయన్నే చూసుకోమంది. ఒప్పుకోకపోతే కాలిపోవడానికి సిద్ధపడింది.

“నలుగురిలో ఒకరి పరువు తీయడం కంటే మంటలో దూకడం మేలని మా వాళ్ళు ఆమె దగ్గర నేర్చుకున్నారు. అలా పరువు తీస్తే ఆ మనిషి ముఖంలో ఎరుపు పోయి తెలుపు వస్తుంది చూశావా, అది నెత్తురు తోడెయ్యడమే అన్నారు. చంపడమే.”

“మేమూ అంటాం,” అన్నాను. “కత్తివాటుకు నెత్తురుచుక్క లేదంటాం. ఆ రోజు నా ముఖం అలాగే ఉంది. నన్ను చంపిందని మీరే చెప్తున్నారు కదా. మరి నేను చంపితే తప్పా?”

“రాహేలు కూడా ఉంది,” అంది ఆవిడ. “పెళ్ళికొడుకు యాకోబు ప్రేమించింది రాహేలుని. పెళ్ళిరాత్రి వాళ్ళ తండ్రి ముసుగేసి అక్క లేయాను పంపుతున్నాడు. యాకోబుకీ తనకీ మధ్య అనుకున్న గుర్తులు రాహేలు అక్కకు చెప్పేసింది, ఆ చీకట్లో అక్క పరువు పోకూడదని.”

“ఆమె సొంత అక్క. ఈవిడ నాకేమీ కాదు.”

“సరే. చెయ్యి. నేను మాత్రం రాను. బట్టలు కూడా తీసి పెట్టుకున్నాను, కానీ రాను. అది చూడలేను.”

నాకు కోపం వచ్చింది. “మీ సెమ్మెల సంగతేమిటి?” అన్నాను.

“అవి నావి,” అంది ముసలావిడ. “నేను నీకు కథలు చెప్తున్నాను. నన్ను చూపించట్లేదు.”

బారసాల రోజు క్లబ్‌హౌస్ నిండిపోయింది. వర్జీనియా నుంచి నేను కోరుకున్న వాళ్ళు చాలామందే వచ్చారు. మా అత్తగారు ఈసారి మా ఇంట్లో ఉంటున్నారు. ఉయ్యాల దగ్గర పెద్దరికమంతా ఆవిడదే. అక్క పిల్లలిద్దరితో వచ్చింది. చిక్కిపోయింది. పాపకు గౌను, వెండి గిన్నె తెచ్చి టేబుల్ మీద పెట్టి, నాతో “కంగ్రాట్స్ రా,” అని, వెళ్ళి హాలు చివర కాఫీ ఫ్లాస్కు దగ్గర నిలబడింది. వచ్చినవాళ్ళకు కప్పులు అందిస్తోంది.

పాటలు మొదలయ్యాయి. పాప చేతులు మారుతోంది. అక్క అక్కడి నుంచి కదలడం లేదు. రాకూడదని తనకు తనే తీర్పు చెప్పేసుకుంది. చేతులు చాచని మనిషిని వద్దనడం ఎలా? నా వాక్యం నోట్లోనే ఉండిపోయేలా ఉంది. అందుకని పిలిచాను. ప్రేమతో కాదు.

“అక్కా! అక్కడేం చేస్తున్నావ్? ఇటు రా!”

ఆమె ముఖం వెలిగింది. అంత వెలుగుతుందని నేననుకోలేదు. పవిటకు చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చింది. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. చేతులు చాచింది. నేను నోరు తెరిచాను.

“ఆ పిల్ల చేత ఎందుకులేమ్మా,” అన్నారు మా అత్తగారు. “శుభమా అని చేసుకుంటున్నాం.”

నా మాట నా నోట్లోంచి లాగేసుకున్నట్టయింది. అక్క ముఖంలోంచి నెత్తురు దిగిపోవడం కళ్ళారా చూశాను. పెదాలు కూడా తెల్లబడ్డాయి. చాచిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఎలా దించాలో ఆమెకూ తెలియలేదు. ఇది చూడడానికే కదా ఇంతమందిని పిలిచాను. కొన్ని క్షణాలు చూశాను కూడా. బాగుంది. అబద్ధం చెప్పను.

కానీ అత్తగారు అప్పటికే మళ్ళీ పూలు సర్దుకుంటున్నారు, తలెత్తకుండా, ఆనాటిలాగే. ఆ వంచిన తల చూడగానే నా కసి అంతా ఒక్కసారిగా ఆవిడ మీదకు మళ్ళింది. తన కొడుకే వెళ్ళిపోయాడు. శిక్ష కోడలికి. ఆ రోజు నన్ను పులిహోర దగ్గరకు పంపిన నోరూ ఇదే.

“అత్తయ్యా,” అన్నాను, హాలంతా వినపడేలా. “నా కూతురు. ఎవరు ఎత్తుకోవాలో నేను చెప్తాను. మీరు వెళ్ళి కాఫీ సంగతి చూడండి.”

అత్తగారు తలెత్తారు. నేను ఆవిడ కళ్ళలోకి చూస్తూనే పాపను తీసుకెళ్ళి అక్క చేతుల్లో పెట్టాను. పెడుతూ ఆమె చెవి దగ్గరకు వంగి, ఆమెకు తప్ప ఎవరికీ వినపడకుండా అన్నాను:

“గుర్తుందా అక్కా, హెర్న్‌డన్‌లో?”

“మర్చిపోయిన రోజు లేదు,” అంది అక్క. కన్నీళ్ళు పాప గౌను మీద పడ్డాయి.

భోజనాలయ్యాక పార్కింగ్ లాట్‌లో నా కోసం నిలబడి ఉంది. పిల్లలు కారులో ఉన్నారు.

“సారీ,” అంది. “ఆ రోజు నాకు భయమేసింది. ఏవేవో విని ఉన్నాను. రీజన్ చెప్పి తప్పించుకోవట్లేదు. తప్పు చేశాను. తర్వాత ఫోన్ చేద్దామని చాలాసార్లు తీశాను, ధైర్యం చాల్లేదు.”

ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట. చేతికొచ్చాక చిన్నదిగా కనిపించింది.

“అందరి ముందూ అన్నావు. సారీ పార్కింగ్ లాట్‌లోనా?”

అక్క నన్ను చూసింది. క్లబ్‌హౌస్ వైపు చూసింది. లోపల వర్జీనియా వాళ్ళు ఇంకా ఉన్నారు. చీరలు సర్దుకుంటూ, తాంబూలాల కవర్లు వెతుక్కుంటూ. కారులో పెద్దవాడితో, “తమ్ముణ్ణి చూడు, టూ మినిట్స్,” అని చెప్పి లోపలికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. పాటలకు వాడిన మైక్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

“ఒక్క నిమిషం,” అంది. “మా బాబు బారసాలకి మీలో చాలామంది వచ్చారు. ఆ రోజు మా చెల్లి బాబుని ఎత్తుకుంటానంటే నేను వద్దన్నాను. మీ అందరి ముందూ. పిల్లలు లేరని. అది చాలా తప్పు. ఇవాళ తను నాకు వాళ్ళ పాపనిచ్చింది. నేను తనకి బాబునివ్వలేదు. సారీ, అమ్మా.” చివరి మాట నా వైపు తిరిగి అంది. మైక్ పెట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా బయటకు వెళ్ళిపోయింది.

వెళ్ళి కావలించుకుని ఉంటే కథ అందంగా ఉండేది. నేను కదల్లేదు. ఆ రోజు నా భుజం తట్టిన ఆవిడ కూడా అక్కడే ఉంది. ఆవిడ తలవంచుకోవడం చూశాను. ఒళ్ళంతా తేలికైంది. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత ఆకలేసింది. మిగిలిన పులిహోర గిన్నెలోంచే తిన్నాను.

ఎదురింటావిడకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. తామారు మామగారు కూడా అందరి ముందే తన తప్పు ఒప్పుకున్నాడని, నీ తోడికోడలు యూదా పని చేసిందని మెచ్చుకుంది. “మరి నేను? నేను రాహేలునా?” అని అడిగాను.

“నువ్వు ఏశావువి,” అంది తడుముకోకుండా. “యాకోబు తన అన్న ఏశావుని మోసం చేసి తండ్రి దీవెన కొట్టేశాడు. ఏళ్ళ తర్వాత ఇద్దరూ కలిశారు. ఏశావు పరుగెత్తుకొచ్చి మెడ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. మా గ్రంథంలో ఆ ముద్దు అన్న మాట మీద చుక్కలుంటాయి. ఎందుకో ఎవరికీ సరిగా తెలీదు. నిజంగా మనసారా పెట్టాడని కొందరు, కాదు, కొరకబోయాడని కొందరు. ఇప్పటికీ తేలలేదు.”

నాదేదో నాకూ తేలలేదు. ఆదివారాలు అక్క వీడియో కాల్ చేస్తుంది. అమ్మాయికి ఆమె పెద్దమ్మ. మాటలు రాకముందే ఆ ముఖం చూసి నవ్వేది. నేను పలకరించి, ఫోన్ దాని ముందు నిలబెట్టి, వంటింట్లోకి వెళ్తాను. ఒక్కోసారి అక్కడి నుంచే, “అక్కా, పెద్దోడి జ్వరం తగ్గిందా?” అని అడుగుతాను. అడగాలనే అడుగుతాను. హెర్న్‌డన్ రమ్మంటుంది, వస్తామంటాను. ఇంకా వెళ్ళలేదు.

అత్తగారు ఆ ట్రిప్‌లో తిరిగి వెళ్ళేదాకా నాతో మాట్లాడలేదు. నాకేమీ లోటనిపించలేదు. ఈ వేసవికి మళ్ళీ వస్తానని, మనవరాలిని చూడాలని ఉందని మొన్న కొడుకుతో అన్నారట. మా ఆయన లాప్‌టాప్‌లో టికెట్లు చూస్తూ నా వైపు తిరిగాడు.

“అమ్మకి జూన్‌లో బుక్ చెయ్యనా?”

“చెయ్యి. ఇక్కడి న్యూవార్క్‌కి కాదు, హెర్న్‌డన్ పక్కనున్న డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌కి. ముందు ఆవిడ హెర్న్‌డన్ వెళ్ళి, బారసాలలో అన్న మాట తప్పని అక్కతో చెప్పాలి. తర్వాత నేనే వెళ్ళి తీసుకొస్తాను.”

“అలా ఎలా చెప్తానే మా అమ్మకి?”

“నీకు ఇబ్బందిగా ఉంటే ఫోన్ ఇలా ఇవ్వు. నేను చెప్తాను.”

ఫోన్ ఇవ్వలేదు. టికెట్టూ బుక్ చెయ్యలేదు. లాప్‌టాప్ మూసేసి, అమ్మాయిని ఎత్తుకుని ఆడిస్తానని బయటకు తీసుకెళ్ళాడు.